మూత లోపలి గీతలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ముప్ఫై గడియారాలు ఉండేవి గానీ, నాకు బడి వేళయిందో లేదో తెలుసుకోవాలంటే మా అమ్మ పాసింజరు బండి కూత కోసమే చెవి ఒగ్గేది. అవన్నీ రిపేరుకొచ్చినవి. కొన్ని పరిగెత్తేవి, కొన్ని కుంటేవి, చాలావరకు నిద్రపోయేవి. మా తాతయ్య, అంటే మా అమ్మకి నాన్న, కంచరపాలెంలో రైలు పట్టాల వైపున్న మా ఇంటి ముందు గదిలోనే బల్ల వేసుకుని వాచీలు బాగుచేసేవాడు. చూడ్డానికి అగ్గిపెట్టంత కొట్టు. కానీ ఓడల వాళ్ళ వాచీలు, పోర్టు ఆఫీసర్ల వాచీలు, మిగతా రిపేరు వాళ్ళు మూత తీయడానికి జంకే ఖరీదైన స్విట్జర్లాండ్ సరుకు ఊరంతా తిరిగి చివరికి ఆ బల్ల మీదకే వచ్చేది.

ఆయన పనిలో ఒక పద్ధతి ఉండేది. వాచీ వెనక మూత తీసి, లోపల శుభ్రం చేసి, నూనె వేశాక, మళ్ళీ బిగించే ముందు మూత లోపలి వైపు సూదిమొనతో తన గుర్తు గీసేవాడు. మా తాతయ్య ఇంటిపేరు మొదటి అక్షరం 'గ', దాని పక్కన ఆ వాచీని ఎన్నిసార్లు విప్పాడో అన్ని నిలువు గీతలు. ఆవగింజంత గుర్తు. వాచీ పెట్టుకున్నవాళ్ళకి అది ఉన్నట్టే తెలియదు. ఎందుకు తాతయ్యా అని అడిగితే, "రేపు ఇంకోడు ఇప్పినప్పుడు ముందు ఎవుడి సెయ్యి పడిందో తెలవాల గదే గుంటా" అనేవాడు. ఊళ్ళో రిపేరు చేసేవాళ్ళందరికీ ఎవరి గుర్తు వారికుండేది, ఒకరి గుర్తు ఒకరికి తెలుసు. మనిషి తన వాచీని పోల్చుకోలేకపోవచ్చు గానీ దాన్ని బాగుచేసినవాడు పోల్చుకుంటాడని మా తాతయ్య నమ్మకం.

మా వీధి చివర మేడ ఇంట్లో ఒక పెద్దాయన ఉండేవారు. పోర్టులో పైలెట్‌గా చేసి రిటైరయ్యారు. పైలెట్ అంటే విమానం కాదు. బయట సముద్రంలో ఆగిన ఓడ ఎక్కి, దాన్ని ఇరుకు దారిలోంచి హార్బరు లోపలికి నడిపించుకొచ్చే పని. ఒక తుపాను రోజున విదేశీ ఓడనొకదాన్ని గీత పడకుండా లోపలికి తెస్తే, ఆ ఓడ కెప్టెన్ తన చేతి బంగారు వాచీ అక్కడికక్కడే విప్పి ఈయన చేతికి తొడిగాడట. తర్వాత ఈయన దాని వెనక మూత మీద ఆ ఓడ పేరు చెక్కించుకున్నారు. అది తాళం తిప్పక్కర్లేని వాచీ. పెట్టుకున్నవాడి చెయ్యి కదులుతూ ఉంటే ఆ కదలికకే దాని స్ప్రింగు చుట్టుకుంటుంది. చెయ్యి ఊరుకుంటే ఒకటిన్నర రోజులో అదీ ఊరుకుంటుంది.

ఆ చెయ్యి ఊరుకుంది. పైలెట్ గారికి పక్షవాతం వచ్చి కాళ్ళూ చేతులూ పడిపోయాయి, మాట కూడా పోయింది. మంచం మీద కళ్ళు తెరుచుకుని ఉండేవారు. వాచీ ఆగినప్పుడల్లా దాని వైపే చూస్తూ గొంతులో ఏదో మూలిగేవారు. ఆయనకి తెలివి కూడా పోయిందని ఇంట్లోవాళ్ళు అనుకున్నారు. పోలేదని తెలిసింది ఒక్క మనిషికే. ఆమె మా పక్కింటి అక్క.

అక్కకి అప్పుడు పంతొమ్మిదేళ్ళుంటాయి. వాళ్ళది సబ్బవరం అవతల పల్లె. తండ్రి లేడు. తల్లి నాలుగిళ్ళలో అంట్లు తోమేది, అక్క పైలెట్ గారి ఇంట్లో ఆయన్ని చూసుకునేది. పొద్దున్నే పనికెళ్ళే ముందు మా అరుగు మీద కూర్చుని నాకు జడ వేసేది. లాగి బిగించి వేసేది, సాయంత్రం దాకా ఒక్క వెంట్రుక కదిలేది కాదు. అందుకు బదులుగా నేను ఆమెకి గంటలు చూడటం నేర్పాను. నాకు ఎనిమిదేళ్ళు, ఆమెకి పంతొమ్మిది, అయినా ఆ బల్ల ముందు నేనే పంతులమ్మని. పెద్ద ముల్లు ఆరు దగ్గరుంటే అర అని చెప్పడానికి ఆమెకి నెల పట్టింది. వచ్చాక మాత్రం వీధిలో ఎవరు టైమెంత అన్నా ముందు తనే చెప్పేది.

ఒకరోజు అక్క కొట్టుకొచ్చి, వాచీ ఆగితే బాబుగారు ఏడుస్తన్నారు తాతా, దానికేటైంది అని అడిగింది. నేను ఆ పక్కనే గట్టు మీద కూర్చుని జంతిక నములుతున్నాను. తాతయ్య నవ్వి ఏమన్నాడో ఈ రోజుకీ ముక్క పోకుండా చెప్పగలను. "దానికేటీ కానేదమ్మా. దానికో సెయ్యి కావాల. బియ్యం సెరిగేటప్పుడూ, ఇల్లు ఊడిసేటప్పుడూ నీ సేతికెట్టుకో. తడి తగల్నీకు. సాయంత్రం ఆయన సేతికి తొడిగేయ్. నీ కష్టానికి అది నడుత్తాది." అక్క అలాగే చేసింది. పగలు ఆమె చేతి మీద తిరిగిన వాచీ సాయంత్రం పైలెట్ గారి చేతి మీద టిక్కుటిక్కుమనేది. ఆయన మూలగడం మానేశారు.

అమ్మగారితో, అంటే పైలెట్ గారి భార్యతో, మాత్రం అక్క ఈ సంగతి చెప్పలేదు. అంత విలువైన వస్తువు పనిమనిషి చేతికా అని వద్దంటే బాబుగారి వాచీ మళ్ళీ ఆగిపోతుందని భయం. పెరటి వైపు వెళ్ళాకే పెట్టుకునేది. మంచి పనిని దొంగచాటుగా చేయడం ఎంత ప్రమాదమో ఆ వయసులో ఆమెకి తెలియలేదు.

ఆ వేసవి మొదట్లో, ఇంకా బళ్ళు మూయకముందే, మా తాతయ్యకి కంటి ఆపరేషన్ చేశారు. ఆ రోజుల్లో అది పెద్ద వ్యవహారం. తల వంచకూడదు, పొగ తగలకూడదు, నలభై రోజులు పథ్యం. మా ఇంట్లో అయితే ఆయన బల్ల వదలడని మా అమ్మమ్మ ఆయన్ని భీమిలిలో తన చెల్లెలి ఇంటికి తీసుకుపోయింది. కొట్టు తలుపు మూసి ఉంది. సరిగ్గా అప్పుడే పైలెట్ అమ్మగారి మేనల్లుడు గోదావరి నుంచి వచ్చి పది రోజులు ఉన్నాడు. తెల్లటి చొక్కా, నవ్వు ముఖం, అందరికీ పూతరేకులు తెచ్చాడు. అతను రాత్రి బండికి వెళ్ళిపోయాక, తెల్లవారి చూస్తే పైలెట్ గారి చెయ్యి బోసిగా ఉంది.

అమ్మగారు చెడ్డమనిషి కాదు, ఈ మాట నేను ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. ఆమె ముందు ఇల్లంతా వెతికించింది. తర్వాత వీధిలో పిల్లల్ని ఒక్కొక్కరినీ పిలిచి అడిగింది. నా వంతు వచ్చింది. చేతిలో పూతరేకు పెట్టి, గడ్డం పట్టుకుని, "నువ్వు వాచీ మేస్త్రి మనవరాలివి కదమ్మా, నీకు బాగా తెలుస్తుంది. బాబుగారి వాచీ ఇంకెవరి చేతికైనా చూశావా?" అంది.

ఆ మాటకి నేను ఉబ్బిపోయాను. దానికి తోడు నాకు అక్క మీద కోపంగా ఉంది. మేనల్లుడు వచ్చినప్పటి నుంచీ పని ఎక్కువై ఆమె నాకు జడ వేయడం మానేసింది, ఆ పది రోజులూ మా అమ్మ వేసే వదులు జడతో బడికెళ్ళి నవ్వులపాలయ్యాను. అందుకే అన్నాను: అక్క చేతికి చూశాను, చాలాసార్లు చూశాను, పెరట్లో పెట్టుకుంటుంది.

అబద్ధం ఒక్క ముక్క లేదు. ఎందుకు పెట్టుకుంటుందో ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. నాకు తెలుసు. జంతిక నములుతూ విన్నదాన్ని నాకు తెలియకపోవడమేమిటి. పూతరేకు నోట్లో కరిగిపోతుంటే ఇంకో మాట మాట్లాడాలనిపించలేదు.

అక్కని హాల్లో నిలబెట్టి అడిగారు. గుమ్మంలోంచి చూశాను. "తాత సెప్పాడమ్మా, సెయ్యి కదిపితేనే నడుత్తాదని సెప్పాడు. పొద్దుగూకినప్పుడు బాబుగారి సేతికే తొడిగీసినాను" అని అదే మాట నాలుగుసార్లు చెప్పింది. వాచీ నడవడానికి పనిమనిషి చెయ్యి కావడమేమిటని చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. లోపల మంచం మీద పైలెట్ గారు గొంతు పగిలేలా మూలిగారు. వాచీ పోయిందని ఏడుస్తున్నారు పాపం అన్నారు. అక్క నేనున్న గుమ్మం వైపు తిరిగి, తాత ఊళ్ళో నేడు గదా, తాత ఉంటే సెప్పీవోడు అంది. అంటున్నప్పుడు ఆమె కళ్ళు నా మీద పడ్డాయి. ఆ తాత పక్కన నేనూ ఉన్నానని ఆమెకి గుర్తొచ్చిందేమో. నేను గోడ చాటుకి పోయాను. ఇప్పుడు చెబితే ఇందాక ఎందుకు చెప్పలేదని కొడతారన్న భయం ఒక్కటే ఉంది నాలో.

పోలీసుల దాకా పోకుండా వదిలేశామని, అదే మా దయ అని చెప్పి పనిలోంచి తీసేశారు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడని సామెత ఒకటి చెప్పి వీధంతా తల ఊపింది. రెండ్రోజుల్లో అక్క తల్లిని కూడా నాలుగిళ్ళలోనూ మానిపించారు. పంపు దగ్గర ఆమె బిందె పెడితే పక్కవాళ్ళు తమ బిందెలు జరిపేవారు. పదోరోజు పొద్దున్న సామాను ఒక రిక్షాలో పెట్టుకుని ఊరికి వెళ్ళిపోయారు. అరుగు మీద నా దువ్వెన ఉంది, అక్క దాన్ని కడిగి అక్కడ పెట్టి వెళ్ళింది. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను.

తాతయ్య నల్ల కళ్ళద్దాలతో తిరిగొచ్చేసరికి పక్కింటికి కొత్తవాళ్ళు వచ్చేశారు. సంగతి విని అన్నం కంచం ముందు నుంచి లేచి పైలెట్ గారి ఇంటికి వెళ్ళాడు, నేనే పెట్టుకోమన్నానమ్మా అని చెప్పాడు. పక్కింటివాళ్ళు కదా, కాపాడుకోవాలని ఉంటుందిలెండి అని అమ్మగారు మర్యాదగానే పంపేసింది. ఇంటికొచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. "నాను సెప్పినప్పుడు ఇంకెవులూ నేరా ఇక్కడ?" అన్నాడు తనలో తను. తర్వాత మెల్లగా ఆ నల్ల అద్దాలు నా వైపు తిరిగాయి. జంతిక గుర్తొచ్చి ఉంటుంది. నేను ఏడవడం మొదలుపెట్టాను. ఆయన తిట్టలేదు, కొట్టలేదు. దగ్గరికి రమ్మనలేదు కూడా. అంతకుముందు మా తాతయ్య నన్ను దగ్గరికి తీసుకోని సాయంత్రం ఒక్కటీ లేదు.

నా చేత చెప్పించినా తాత నేర్పిన మాటేనంటారని, మర్నాడు నన్ను వెంటబెట్టుకుని ఊరంతా తిరిగాడు. పూర్ణా మార్కెట్టు, వన్‌టౌన్, డాబాగార్డెన్స్, ఎక్కడ వాచీ బల్ల ఉంటే అక్కడ ఆగాడు. బంగారు వాచీ, తాళం లేనిది, మూత లోపల 'గ', పక్కన నాలుగు గీతలు, కనబడితే నాకు కబురెట్టు అని ఒక్కొక్కరికీ చెప్పాడు. వాళ్ళు అలాగేనన్నారు. తిరిగొస్తూ బస్సులో నాతో అన్నాడు, వాచీని ఎంత దూరం పట్టుకుపోయినా ఏదో ఒక రోజు నూనె అయిపోతుంది, అయిపోతే ఎవడో ఒకడి బల్ల మీద దాని మూత తెరుచుకోక తప్పదు. ఆ పిల్ల మంచిపేరు ఇప్పుడు ఆ మూత లోపలే ఉంది అన్నాడు.

ఇంకో సంగతి నాకు ఆ తర్వాత తెలిసింది. ఆపరేషన్ అయిన కన్ను చిన్నవాటిని పట్టడం లేదు. దళసరి అద్దాలు వేసుకున్నా సన్న గీత ఆయనకి మసకే. అందుకని మంచి వాచీ ఏది వచ్చినా మూత తీసి, కంటికి బిగించుకునే ఆ చిన్న భూతద్దం నాకిచ్చి, లోపల ఏముందో చదవమనేవాడు. నేను చదివి చెప్పాక, "అంతేనా? ఇంకేటీ నేదా? మొత్తం సూసి సెప్పు" అనేవాడు. మళ్ళీ చూస్తే నిజంగానే ఇంకొకటి కనబడేది, అంచున పాత తేదీ, ఎవరిదో వంకర అక్షరం. ఆయన నాకు పెట్టిన శిక్షో, నేర్పిన పాఠమో, ఇదొక్కటే. మొత్తం చూసి చెప్పడం. రోజూ చేయించాడు. ఎండాకాలం పోయి వానలు వచ్చాయి, వానలు పోయి చలి వచ్చింది.

చలికాలంలో ఒక మధ్యాహ్నం పోర్టులో సరుకు దింపించే వ్యాపారి ఒకాయన వాచీ తెచ్చాడు. ఎక్కడ చూపించినా మీ దగ్గరికే పొమ్మన్నారండి, గంటకి పది నిమిషాలు వెనకబడుతోంది అన్నాడు. బంగారు వాచీ. వెనక మూత నున్నగా, అరగదీసినట్టు ఉంది, పేరేమీ లేదు. తాతయ్య చేతులు ఏమాత్రం తొందరపడలేదు. మూత తీసి నాకిచ్చాడు. అద్దం బిగించుకున్నాను. 'గ'. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"ఏటుందే?" అన్నాడు. నాలుగు వేళ్ళు చూపించాను. ఆయన ఒక్క క్షణం బల్ల అంచు పట్టుకున్నాడు. తర్వాత మామూలు గొంతుతో ఆ వ్యాపారితో, దీనికి ముందు ఏ నూనె వేశారో తెలియకపోతే కుదరదు బాబూ, ఎవరి దగ్గర కొన్నారో కాస్త చెప్పండి అన్నాడు. అది ఉత్త మాట. ఏ నూనె అయినా కడిగి పారేసేదే. పాపం ఆయన అమాయకంగా పేరు చెప్పేశాడు, పైలెట్ గారి బంధువే, వాళ్ళ ఇంటి వాచీయేనట అని కూడా చెప్పాడు. అప్పుడు తాతయ్య ఆయన్ని కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పాడు. ఆ వ్యాపారి ముఖం మాడిపోయింది. ఎవరి సొమ్ము వాళ్ళకిచ్చేయండి, వాడి సంగతి నేను చూసుకుంటాను అని లేచి వెళ్ళిపోయాడు.

పైలెట్ గారి ఇంటికి బయలుదేరేముందు నేను తాతయ్య చెయ్యి పట్టుకుని ఆపాను. అప్పటిదాకా ఎవరికీ చెప్పనిది ఇంకొకటి నా దగ్గర ఉంది. అక్క పైలెట్ గారితో మాట్లాడేది. కూర కావాలా బాబుగారూ అని అడిగి ఆగేది, కావాలంటే ఆయన కళ్ళు మూసి తెరిచేవారు, వద్దంటే అలాగే చూస్తుండేవారు. పెరటి కిటికీలోంచి ఎన్నోసార్లు చూశాను. ఆయనకి అన్నీ తెలుస్తాయి తాతయ్యా అన్నాను. తాతయ్య నా తల మీద చెయ్యి వేశాడు. ఎనిమిది నెలల తర్వాత.

అమ్మగారు అద్దంలోంచి ఆ గీతలు చూసింది. నమ్మలేక మళ్ళీ చూసింది. ఎవరు తెచ్చారు మేస్త్రీ అని అడిగింది. నన్నడక్కండమ్మా, బాబుగారినే అడగండి అని తాతయ్య ఆమెని మంచం దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే అనండి, తీసినవాళ్ళ పేరు వస్తే ఆయన కళ్ళు మూస్తారు అన్నాడు. ఆమె ముందు అక్క పేరే అంది. పైలెట్ గారు కళ్ళు ఇంతింత చేసుకుని చూశారు. రెప్ప పడలేదు. వంటమనిషి పేరు అంది. రెప్ప పడలేదు. తన మేనల్లుడి పేరు అంది.

ఆయన కళ్ళు మూశారు. మూసినవి చాలాసేపు తెరవలేదు, రెండు పక్కలా నీళ్ళు కారి దిండు తడిసింది. తన చేతి నుంచే విప్పి తీసుకుంటుంటే చూస్తూ పడుకున్న మనిషి. ఎనిమిది నెలలు ఆయన దగ్గర ఆ పేరు ఉంది, అడిగినవాళ్ళు లేరు. అమ్మగారు మంచం కోడు పట్టుకుని కింద కూలబడింది. ఆ పిల్లని మళ్ళీ పనిలోకి రమ్మనండి మేస్త్రీ, నేను రమ్మన్నానని చెప్పండి అని ఏడ్చింది. మీరే వచ్చి చెబితే బాగుంటుందమ్మా అన్నాడు తాతయ్య. వస్తానంది. ఆదివారం కారు మాట్లాడుకుంటానంది. ఆదివారం ఒంట్లో బాగాలేదని కబురొచ్చింది.

మేమిద్దరమే సబ్బవరం బస్సెక్కాం. తాతయ్య జేబులో చిన్న ఆడవాళ్ళ వాచీ ఉంది. ఎవరో ఎప్పుడో వదిలేసిన పాత భాగాలతో వారం రోజులు కూర్చుని అక్క కోసం కట్టాడు. సన్నపనికి ఆయన కన్ను ఆనక స్క్రూలు నేనే బిగించాను. మూత లోపల 'గ' కాకుండా అక్క పేరు పూర్తిగా గీయించాడు, నా చేత. ఆ దారంతా నేను క్షమించమని అడిగే మాటలు వల్లె వేసుకున్నాను. అంతా సరవుతుందని నాకు గట్టి నమ్మకం. పోయిన వాచీయే దొరికింది కదా.

బస్సు దిగి అడిగితే చెరకు తోట చూపించారు. అక్క చెరకు ఆకు కట్టలు కడుతోంది. నల్లబడిపోయింది. మమ్మల్ని చూసి పరిగెత్తుకు రాలేదు, చేతులు దులుపుకుని నిలబడింది. తాతయ్య గట్టు మీద కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. దొరికిందమ్మా, నువ్వు కాదని అందరికీ తెలిసింది అన్నాడు. అక్క వింటూ విరిగిన ఆకు ఒకటి వేళ్ళకి చుట్టుకుంటోంది.

"మాయమ్మ వానల్లో పోయింది తాతా. జొరమొచ్చింది" అంది. "నాను తియ్యనేదని అమ్మకి తెలుసు. ఊరికి తెలిసినట్టు ఇనుంటే బాగున్ను."

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. తెలుస్తుంది, కాదనను. అది వచ్చేదాకా నిలబడలేనివాళ్ళ మాటేమిటని ఆ సామెత కట్టినవాడిని అడగాలని ఉంటుంది నాకు.

కాసేపటికి అక్కే అడిగింది, బాబుగారి వాచీ నడుత్తందా అని. నేదమ్మా, సేతికి పెట్టారు గాని ఆగిపోయింది, తిప్పీవోళ్ళు నేరు అన్నాడు తాతయ్య. అప్పుడు మొదటిసారి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అమ్మగారు పనిలోకి రమ్మన్న మాట తాతయ్య చెప్పనే లేదు. జేబులోంచి ఆ చిన్న వాచీ తీసి, మూత తెరిచి పేరు చూపించి, నీ కోసమే కట్టానమ్మా అని చెయ్యి చాపాడు. అక్క దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నది. ముల్లు చూసి, ఎవరూ అడక్కుండానే, మూడుంపావు అంది. మళ్ళీ తాతయ్య చేతిలో పెట్టేసింది.

"వొద్దు తాతా. నా సేతికి వాచీ ఉంటే మళ్ళీ ఎవులో ఒకలు సూత్తారు."

నా వైపు చూసి అనలేదు. నన్ను అనలేదు. అందుకే అది నాలో ఇంత లోతుగా దిగింది.

బస్సు వచ్చేదాకా రోడ్డు పక్కన కూర్చున్నాం. అక్క నన్ను పిలిచి ముందు కూర్చోబెట్టుకుని నా జడ విప్పింది. వేళ్ళతోనే చిక్కు తీసి, వెనకటిలాగే లాగి బిగించి వేసింది. వల్లె వేసుకున్న మాటలన్నీ గొంతు దాకా వచ్చాయి. అక్కా అన్నాను. "కదలకు" అంది. జడ పూర్తయ్యేసరికి బస్సు వచ్చింది. ఎక్కాక వెనక్కి చూస్తే ఆమె అప్పటికే తోట వైపు నడుస్తోంది. ఆ జడ నేను మూడు రోజులు విప్పనివ్వలేదు. మా అమ్మ కొట్టినా విప్పనివ్వలేదు.

అదే ఆమెని ఆఖరుసారి చూడటం. తర్వాతి సంవత్సరం వెళితే పెళ్ళై ఎక్కడికో వెళ్ళిపోయిందన్నారు, ఎక్కడికో సరిగ్గా చెప్పినవాళ్ళు లేరు. పైలెట్ గారు ఆగిన వాచీతోనే పోయారు. మా తాతయ్య పోయేముందు ఆ చిన్న వాచీ నా చేతిలో పెట్టి, "ఆగనీకే, దాని మనిషి వొచ్చీదాకా తిప్పుతుండు" అన్నాడు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. చేసిన పాపం చెప్పుకుంటే పోతుందంటారు గానీ, చెప్పుకోవలసిన మనిషి దొరకాలి కదా. నేను ముప్ఫై ఏళ్ళు బడిలో పిల్లలకి పాఠాలు చెప్పాను. ఏదైనా పోయిందని పిల్లలు వచ్చి ఫలానావాడి దగ్గర చూశామంటే, ఇంకేం చూశారు, మొత్తం చెప్పండి అని కూర్చోబెట్టి అడిగేదాన్ని. నన్ను చాదస్తం టీచరని అనేవారు. అననీ.

రోజూ పొద్దున్న కాఫీ కంటే ముందు ఆ వాచీకి తాళం తిప్పుతాను. రెండు మూడేళ్ళకోసారి నూనె వేయించడానికి ఊళ్ళోకి తీసుకెళ్తాను. మూత లోపల అక్క పేరు చుట్టూ ఇప్పుడు ఎవరెవరి గుర్తులో చేరాయి. మొన్న వెళ్తే కొట్లో కొత్త కుర్రాడున్నాడు. మూత తీసి చూసి, రుమాల్లో చుట్టి తెచ్చారేంటమ్మా, ఇంత బాగా నడుత్తంది, సేతికి ఎట్టుకోరా అన్నాడు.

నాది కాదు బాబూ అన్నాను. లోపల పేరుంది చూడు, ఆవిడది. నా దగ్గర ఉండిపోయింది.